జనానా కెమెరా

మొన్న బుధవారం మధ్యాహ్నం నేను వంటింట్లో పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతుంటే, మా తమ్ముని కొడుకు ఫోను పట్టుకుని వచ్చి, "అత్తా, ఒక్కసారి గిది సూడు, నీకు సర్‌ప్రైజ్" అన్నాడు. వాడికి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. తీరిక దొరికితే పాత వస్తువుల మీద వీడియోలు తీసి జనం మీదికి వదులుతుంటాడు. పాత రేడియో, పాత గ్రామఫోను, పాత తాళంకప్ప, ఏది దొరికినా వాడికి వీడియోనే. నా చేతులు ఖాళీ లేవు కాబట్టి వాడే ఫోను నా మొహం ముందు పట్టుకున్నాడు. అందులో వాడే ఉన్నాడు. కంఠేశ్వర్‌లోని మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, ఎండ బాగా పడేచోట కూర్చున్నాడు. ఒళ్లో మా మేనత్త కెమెరా ఉంది. నా బీరువాలో రెండు తువ్వాళ్లలో చుట్టి చీరల కింద పెట్టిన కెమెరా. పొద్దున నేను కూరగాయలకు పోయినప్పుడు కొక్కేనికి వేలాడే తాళంచెవి తీసుకుని, బీరువా తెరిచి, ఇంత పని చేశాడన్నమాట. వీడియోలో ముందుగా ఆ కెమెరా చేసిన ఫ్రాన్సు కంపెనీ చరిత్ర చెప్పాడు. తర్వాత, "ఇప్పుడు లోపల ఏముందో చూద్దాం ఫ్రెండ్స్" అని వెనకవైపు మూత తెరిచాడు. లోపలి ఫిల్మును రెండు వేళ్లతో పట్టి బయటికి లాగాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, "ఏం లేదు, ఖాళీ రీలు" అని నవ్వి, మళ్లీ లోపలికి తోసి మూత వేశాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నాకు అప్పుడు తెలిసింది. చింతపండు చేత్తోనే వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. తెల్ల చొక్కా మీద నా అయిదు వేళ్లూ పడ్డాయి. "ఏమైందత్తా? ఫొటోలు ఉంటే కనవడాలె గదా?" అన్నాడు వాడు, వీపు తడుముకుంటూ. ఆ మాటకు ఇంకో దెబ్బ పడాల్సింది గానీ నా చేయి లేవలేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బళ్లో పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాను. వెండి లవణం మీద వెలుతురు పడితే ఏమవుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కడగని ఫిల్ములో బొమ్మ ఉన్నా కనబడదనీ, కనబడాలని వెలుతురుకు పట్టుకుంటే ఇక ఎప్పటికీ కనబడదనీ నా ఇంట్లో పెరిగిన పిల్లవాడికే తెలియలేదు. వాడు ఖాళీ రీలన్నదాంట్లో ఒక పిల్ల మొహం ఉంది. ఆ పిల్ల ఈ లోకంలో లేదు. ఆమె మొహం ఆ ఫిల్ములో తప్ప ఇంకే కాగితం మీదా లేదు. దాని కోసం బోధన్‌లో ఒక ముసలావిడ యాభై ఏళ్లుగా ఎదురుచూస్తోంది. ఆ శుక్రవారమే దాన్ని కడిగి చూపిస్తానని నేను ఆవిడకు మాటిచ్చి ఉన్నాను.

వాడు నా కోపం చల్లార్చడానికనుకుంటా, ఆ కంపెనీ గురించి ఫోనులో దొరికిన పేజీ తీసి తెలుగులో చదవడం మొదలుపెట్టాడు. చల్లారడం సంగతి దేవుడెరుగు, కిరోసిన్ పోసినట్టయింది. అది పెద్ద కంపెనీ ఏం కాదట. ఫ్రాన్సులో ఎక్కడో కొండల పక్క చిన్న ఊళ్లో గడియారాలు బాగుచేసే ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టారట. యుద్ధం అయిపోయిన రోజుల్లో ఇనుము దొరక్కపోతే పాత గిన్నెలూ గరిటెలూ కరిగించి డబ్బాలు పోశారట. పైన ఒక అద్దం, కింద ఒక అద్దం ఉండే కెమెరా అది. దాని మీట ఏ ఏడు గుండ్రంగా చేశారు, ఏ ఏడు పలకగా చేశారు, తోలు నల్లదా, బూడిద రంగుదా, అన్నీ రాశారు. జపాను కెమెరాలు వచ్చి పడ్డాక బేరాల్లేక మూతపడిందట. ఇప్పుడు ఆ షెడ్డులో కుర్చీలూ మంచాలూ అమ్ముతారట. లోపలి సన్న స్ప్రింగులు ఊళ్లోని ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని బిగించేవారని ఒక్క వాక్యం ఉంది, అంతే. మా దగ్గర చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు చూడండి, అట్లాగన్నమాట. మీట పలకగా అయితే ఒక పేరా, బిగించిన ఆడవాళ్లకు ఒక వాక్యం. ఆ కెమెరాలు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో, వాటి ముందు ఎవరు కూర్చున్నారో అసలే లేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నాకు ఆ అన్నదమ్ముల మీద కూడా మండింది. వాళ్ల తప్పేమీ లేదని తెలుసు. అయినా మండింది.

ఆ కెమెరా బోధన్‌కు వచ్చిన కథ చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి. మా బాపుకు అక్క ఆమె. ఆమె భర్త, అంటే మా మామ, బోధన్ బజారులో ఫొటో స్టూడియో నడిపేవాడు. స్టూడియో అంటే ముందు ఒక అర్ర, వెనక ఒక అర్ర. ముందు అర్రలో నీలం తెర, కొయ్య కుర్చీ, తెర మీద ఎవరూ ఎన్నడూ చూడని సరస్సు, అందులో బాతులు. చలికాలంలో చెరుకు గానుగ మొదలైతే ఊరంతా మడ్డి వాసన. చక్కెర ఫ్యాక్టరీ దారి పొడవునా చెరుకు బండ్లు రాత్రింబవళ్లు నిలబడి ఉండేవి. బండ్ల మీది రైతులకు పని లేదు కాబట్టి తలపాగా సర్దుకుని వచ్చి ఫొటో దిగేవారు. మామ ఫొటో తీసేవాడు. కడగడం, కాగితం మీదికి దించడం, ఆరబెట్టడం, అంచులు కత్తిరించడం అంతా వెనక అర్రలో మేనత్త పని. ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఒకాయన వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. ఆయన భార్య తన రీళ్లు కడిగించుకోవడానికి స్టూడియోకు వచ్చేది. ఒకనాడు చొరవగా వెనక అర్రలోకి తొంగిచూసి, పని చేసేది మామ కాదని గ్రహించింది. ఆనాటి నుంచి మామతో మాట్లాడటం మానేసి నేరుగా వెనక్కే వెళ్లేది. ఆమెకు తెలుగు రాదు, మేనత్తకు తెలుగు తప్ప వచ్చింది బజారు ఉర్దూ. అయినా గంటలు గంటలు కూర్చునేవారు. మక్క గారెలు తినీ తినీ ఆ దొరసాని బరువెక్కిందని మా అమ్మ నవ్వేది. తిరిగి వెళ్లే ముందు ఆమె తన కెమెరా తెచ్చి మేనత్త చేతిలో పెట్టి, మామ వైపు వేలు చూపించి, ఆ వేలిని అడ్డంగా ఊపి వెళ్లిందట. ఆయనకు కాదు, నీకు అని. మామే ఈ కథను నవ్వుతూ అందరికీ చెప్పేవాడు.

అది తల వంచుకుని చూసే కెమెరా. మూత పైకి తెరిస్తే లోపల చదరపు అద్దం, ఎదుటి మనిషి అందులో కనబడుతుంది. తీసేవాళ్లు ఎదుటివాళ్ల మొహంలోకి చూడరు, తమ ఒడిలోకి చూసుకుంటారు. ఈ సంగతీ, అది ఆడమనిషి చేతిలో ఉండటమూ కలిసి దానికి బోధన్‌లో పని దొరికింది. బజారులోని పాత ముస్లిం కుటుంబాల్లో ఆడవాళ్లు ఫొటో దిగేవారు కాదు. మగవాడు చూస్తాడు, కడిగేవాడు చూస్తాడు, ఆ తర్వాత ఎవరు చూస్తారో తెలియదు. వాళ్లలో ఒక గాజుల వ్యాపారి పెద్దాయన ఉండేవాడు. ఆ గల్లీలో ఆయన మాటంటే మాటే. ఆయన పెద్ద కూతురికి మా మేనత్తతో స్నేహం. ఆమెనే నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాను. ఖాలా పోరు పడలేక పెద్దాయన ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. ఆడవాళ్లకు ఆ ఒక్క కెమెరానే వాడాలి, మగవాళ్ల రీలు అందులో వేయకూడదు. తీసేది, కడిగేది మేనత్తే కావాలి. ఫొటోతో పాటు నెగిటివ్ కూడా ఇంటికి తిరిగి ఇచ్చేయాలి. మామ చేయి ఆ డబ్బా మీద పడకూడదు. మామ పెద్దాయన ముందు నెత్తి మీద చేయి పెట్టుకుని మాటిచ్చి వచ్చాడు. ఒక ఇంటివాళ్లను చూసి ఇంకో ఇల్లు, ముస్లిం ఇళ్లను చూసి హిందువుల ఇళ్లు, ఎడపల్లి వైపు రైతుల ఇళ్ల కోడళ్లు కూడా పిలిపించుకునేవారు. ఆ డబ్బాకు ఊళ్లో జనానా కెమెరా అని పేరు పడింది.

వేసవి సెలవులు నేను బోధన్‌లోనే గడిపేదాన్ని. వెనక అర్ర తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, దీపం లేకుండా, మేనత్త రెండు కొసలూ పట్టుకుని ఫిల్మును మందు గిన్నెలో ఉయ్యాల ఊపినట్టు పైకీ కిందికీ ఊపేది. చీకట్లో గడియారం కనబడదు కాబట్టి బతుకమ్మ పాట పాడేది. పాట పూర్తయితే మందులోంచి తీయాలి. ఎండాకాలం నీళ్లు వేడిగా ఉంటాయి, బొమ్మ తొందరగా వస్తుంది, కాబట్టి రెండు చరణాలు తక్కువ. చలికాలం రెండు ఎక్కువ. వైశాఖంలో బతుకమ్మ పాటేందే అని పక్కింటివాళ్లు ఎగతాళి చేస్తే, "మా బతుకమ్మ నీళ్లల్లకెల్లి పైకొస్తది, మీదే మునుగుతది" అనేది. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఫిల్ము ధర ఎక్కువ. రీలులో పన్నెండు ఫొటోలు. పన్నెండూ నిండితే తప్ప ఏ రీలూ కడిగేది కాదు. ముందు దిగినవాళ్లు వెనక దిగేవాళ్ల కోసం ఆగాల్సిందే. మొదటి ఫొటో దిగిన కొత్తకోడలు, పన్నెండో ఫొటో దిగేవాళ్లు దొరికే నాటికి నీళ్లోసుకుని ఉండేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఖాలాకు ఒక చెల్లెలు. ఇంట్లో ఛోటీ అనేవారు, నాకూ ఛోటీనే. పందొమ్మిదేళ్లు ఉంటాయి. నాందేడ్ సంబంధం కుదిరింది. పిల్ల వెళ్లిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో, ఒక్క ఫొటో ఉంచుకుంటానని ఖాలా తండ్రి దగ్గర అన్నం మానేసి కూర్చుంది. అప్పటిదాకా ఛోటీ ఫొటో ఒక్కటి కూడా లేదు. పెద్దాయన సరేనన్నాడు. ఫొటో తీసిన మధ్యాహ్నం వాళ్ల ఇంటి లోపలి అరుగు మీద నేనూ ఉన్నాను. ఆ కెమెరా అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. మేనత్తకు ఎన్నేళ్లయినా అది అలవాటు కాలేదు. "జర ఇటు జరుగు బిడ్డా" అని చేయి ఒకవైపు ఊపి, "ఇటు కాదు, అటు" అనేది, ఆ పిల్ల ఇటూ అటూ జరిగి జరిగి ఇక ఆపుకోలేక పక్కుమని నవ్వింది. మేనత్త ఆ నవ్వులోనే మీట నొక్కింది. అది రీలులో ఏడో ఫొటో. మేనత్త ఫొటో తీసే ముందు ఫిల్ము తిప్పుకునేది గానీ తీశాక తిప్పేది కాదు, అందుకే వెనకనున్న ఎర్ర గాజుబిళ్లలో ఏడు అంకె అట్లాగే నిలిచి ఉంది. పెళ్లయి ఛోటీ నాందేడ్ వెళ్లింది. ఎనిమిదో ఫొటో ఎవరిదో రాకముందే మేనత్తకు పచ్చకామెర్లు అయ్యాయి. పసరు పోశారు, చేతికి కాల్పించారు, ఆఖరికి దవాఖానకు తెచ్చారు. ఆమె బతకలేదు. సంవత్సరం తిరగకుండా కాన్పులో ఛోటీ కూడా పోయింది.

ఇక ఇక్కడి నుంచి నా కోపం వేరే. మేనల్లుడి మీద వచ్చింది మంట, ఇది నిప్పు. ఛోటీ పోయిన నలభై దినాలు గడిచాక ఖాలా ఒక్కతే రిక్షా కట్టించుకుని స్టూడియోకు వచ్చింది. నాకు పదకొండు పన్నెండేళ్లు. ఆమె బురఖా ముసుగు ఎత్తి మామ ఎదురుగా నిలబడటం నేను అదే మొదటిసారి చూశాను. "భాయ్, ఆ ఫిల్ము కడిగియ్యి. దాని మొకం మర్సిపోతున్న" అంది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, ఆయన చెడ్డవాడు కాదు. "అబ్బాజాన్‌కు జబానిచ్చిన చెల్లె. నేను ముట్ట. ఆయనను ఒక్క మాట చెప్పమను, ఇప్పుడే కడుగుత" అన్నాడు. పెద్దాయనను అడిగితే, "పోయిన పిల్ల మొకం పరాయోని చేతుల పడొద్దు. కడిగే ఆడిమనిషి పోయింది, కథ అయిపోయింది" అన్నాడు. ఆయనా చెడ్డవాడు కాదు, రోజూ ఆ పిల్ల సమాధి దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. ఇద్దరు మంచివాళ్ల మధ్య ఆ డబ్బా అట్లాగే ఉండిపోయింది. హైదరాబాద్ పంపి ఏ ఆడమనిషితోనైనా కడిగించవచ్చునని ఒక్కరికీ తోచలేదు. తోచినా అడుగు వేయలేదు. కొన్నేళ్లకు పెద్దాయన పోయాడు. ఖాలా మళ్లీ వచ్చింది. ఈసారి మామ ఏమన్నాడో తెలుసా? "ఉన్నోనికిచ్చిన మాటయితే అడిగి ఇడిపించుకుందును. సచ్చినోనికిచ్చిన మాట నుంచి నన్నెవలు ఇడిపిస్తరు చెల్లె?" ఊరంతా ఆ మాటకు మెచ్చుకుంది. మాటంటే ఆయనదని చెప్పుకుంది. ఆయన కెమెరాను ట్రంకులో పెట్టి తాళం వేశాడు. ఖాలా ఇక రాలేదు. మంచివాళ్లు చేసిన పనికి ఎవరినీ తిట్టడానికి ఉండదు చూడండి, అందుకే నాకు మంచివాళ్లంటే ఎక్కువ కోపం.

మామ తొంభై ఏళ్లకు దగ్గరగా బతికి, మొన్నటి వానల్లో పోయాడు. ఆయన పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ, పాత సామానులో నీకేమైనా కావాలా అని అడిగితే నేను ట్రంకు ఒక్కటి చాలన్నాను. ఎర్ర బిళ్లలో ఏడు కనబడింది. ఆ మర్నాడే బోధన్ బస్సెక్కాను. ఖాలాకు డెబ్భై ఆరేళ్లు. మోకాళ్లు లేవవు గానీ మాట గట్టిది. కోడళ్లను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, "వస్తదా?" అని అడిగింది. యాభై ఏళ్ల ఫిల్ము ఖాలా, పొగమంచులోలా వస్తుందేమో, రాకపోతే రాదేమో అన్నాను. "పొగల వచ్చినా సాలు. ముక్కు తెలిస్తె సాలు. కండ్లు యాదికున్నయి, ముక్కు మర్సిపోయిన" అంది. హైదరాబాద్ నుంచి మందులు తెప్పించాను. కొత్త ఫిల్ముతో రెండుసార్లు చీకట్లో సాధన చేశాను. మగవాళ్లంతా నమాజుకు పోయే శుక్రవారం మధ్యాహ్నం వాళ్ల ఇంట్లోనే కడుగుదామని మాట అనుకున్నాం. ఇది ఖాలా ఇంటి సంగతి కాబట్టి నేను ఎవరికీ చెప్పలేదు. ఇంతలో బుధవారం వచ్చింది, మా తమ్ముని పుత్రరత్నం వీడియో తీశాడు.

శుక్రవారం వాడే నన్ను కారులో తీసుకుపోయాడు. నేను బస్సులో పోతానన్నా వినలేదు. ఎడపల్లి దాటాక ఒకచోట చెరుకు ట్రాక్టరు అడ్డం వస్తే బండి ఆపి, "వీడియో తీసేసిన అత్తా" అన్నాడు. "అది తీసేస్తె ఇది వస్తదారా?" అన్నాను. ఖాలాకు ఏదో ఒక అబద్ధం చెప్పాలని ఉండింది నాకు. పాతబడి చెడిపోయిందని చెప్పవచ్చు, ఎవరు కాదంటారు? కానీ యాభై ఏళ్లుగా ఆవిడకు పెద్దమనుషుల మాటలే చెప్పారు, నేను కూడా ఒకటి చేర్చదలచుకోలేదు. వెళ్లగానే మంచం పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఛోటీ ఫొటోనే మూత వెనక ఉండింది, వీడు లాగింది దాన్నే, లోపల చుట్టుకుని ఉన్న కొన్ని మిగలొచ్చు గానీ అది మిగలదు అన్నాను. మేనల్లుడు గడప అవతల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖాలా వాడి వైపు చూడనేలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "కడుగు" అంది.

సామాన్ల అర్రలో గోనెసంచులు పక్కకు జరిపి, కిటికీకి దుప్పటి కట్టి, ఖాలాను స్టూలు మీద కూర్చోబెట్టి దీపం ఆర్పాను. ఫిల్ము మందులో పడింది. గడియారం చూడలేను, నాకు పాట నోటికి రాలేదు. చీకట్లోంచి ఖాలా అందుకుంది. ఆ రోజుల్లో వెనక అర్ర తలుపు బయట కూర్చుని విన్న పాట. పదాలు కొన్ని తప్పిపోయినా చరణాల లెక్క తప్పలేదు. బొమ్మను నిలబెట్టే హైపో మందులో ఉంచాక దీపం వేశాను. మొదటి కొసన నిజంగానే బొమ్మలున్నాయి. పలచగా ఒక కుర్చీ చేయి, కొంగు కప్పుకున్న తల, ఒళ్లో పిల్లతో ఎవరో ఒకామె. ఆ తర్వాత నలుపు పాకింది. ఏడోది పెనం అడుగులా ఉంది. ఖాలా దాన్ని తడిగానే తీసుకుని బల్బుకు దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. అద్దాలు తీసి చూసింది, పెట్టుకుని చూసింది.

నేను టీచరును కదా, ఏదో ఒకటి చెప్పకుండా ఊరుకోలేను. "పోనీ ఖాలా. పరాయి కండ్లు పడలేదు. మామ ఇచ్చిన మాటయితే నిలబడింది" అన్నాను. ఆ ఫిల్ము ముక్కను నా ఒళ్లోకి విసిరింది ఖాలా. "నువ్వు గూడ గదే అంటవా? అబ్బా గదే అన్నడు, మీ మామ గదే అన్నడు. నన్ను అడిగిన్రా ఎవలన్న? ఊరంత సూసినా సరే, నేను సూద్దామనుకున్న. నాకు మాట వద్దు, పర్దా వద్దు. నాకు నా చెల్లె మొకం కావాలె." ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

ఆ మాటలు విని మేనల్లుడు లోపలికి వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "దాదీ, తెల్వక చేసిన. కొట్టు నన్ను" అన్నాడు. ఖాలా అప్పుడు వాడి మొహం చూసింది. తలమీద చేయి పెట్టలేదు, లేవమనలేదు. ఏడుపు కూడా లేని గొంతుతో నాతో అంది: "గీ పొల్లగాడు తెల్వక ఒక్క నిమిషం తెరిసిండు. వాళ్లిద్దరు అన్ని తెల్సి యాభై ఏండ్లు మూసి పెట్టిన్రు. వీడు కాళ్లు పట్టుకుంటున్నడు. వాళ్ల కాడికి నేనేడికి పోవాలె? ఎవల మీద కోపం తీర్సుకోవాలె, చెప్పు బిడ్డా."

బయట మసీదు నుంచి మగవాళ్లు తిరిగి వస్తున్న చప్పుడు వినిపించింది, కోడలు చాయ్ తెచ్చి పెట్టి వెళ్లింది, అది చల్లారిపోయింది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని నేనే ఎందరికో చెప్పాను, పరామర్శకు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ. ఆవిడ చెల్లెలి ముక్కు ఒక్కటే మరిపించగలిగింది కాలం, యాభై ఏళ్లు పట్టి.